ఒకే కోడు, వేరువేరు గుర్తులు: ఐడీఎల్ గ్రాఫులలో ప్రత్యేక చిహ్నాల ముద్రణ

వేదిక మీద ఉన్న ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

ఈ కార్యశాలలో నాకు అప్పగించిన అంశం చూడటానికి చిన్నదే. ఐడీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫు గీసేటప్పుడు కీబోర్డు మీద లేని గుర్తులను, అంటే గ్రీకు అక్షరాలను, డిగ్రీ గుర్తును, ఆంగ్‌స్ట్రామ్ గుర్తును, సూర్యుడి గుర్తును కోడు ద్వారా ఎలా ముద్రించాలన్నదే ఆ అంశం. ఏ గుర్తుకు ఏ కోడో చెప్పే పట్టికలు మాన్యువల్‌లో ఉన్నాయి కాబట్టి వాటిని ఇక్కడ చదివి వినిపించను. ఒకే కోడు ఒకచోట ఒక గుర్తుగా, ఇంకోచోట మరో గుర్తుగా ఎందుకు పడుతుందో, అలా పడినప్పుడు ఏ తప్పు వెంటనే దొరికిపోతుందో, ఏది ఎవరి కంటా పడకుండా ప్రచురణ దాకా వెళ్ళిపోతుందో చెప్పాలని నా ఉద్దేశం.

ఒక చిన్న సూచన. ఐడీఎల్ ఆదేశాలన్నీ ఇంగ్లిషు అక్షరాలలో ఉంటాయి కనుక వాటిని నేను పేరు పెట్టి పలుకుతాను. ‘చిన్న ఎల్’ అంటే చిన్న బడిలో రాసే ఎల్ అని, ‘ఆశ్చర్యార్థకం 4’ అంటే ఆశ్చర్యార్థక చిహ్నం, దాన్ని అంటుకునే 4 అంకె అని రాసుకోండి.

ఐడీఎల్ అంటే ఇంటరాక్టివ్ డేటా లాంగ్వేజ్. అమెరికాలోని బౌల్డర్‌లో, కొలరాడో విశ్వవిద్యాలయపు వాతావరణ, అంతరిక్ష భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసిన డేవిడ్ స్టెర్న్ 1977లో రీసెర్చ్ సిస్టమ్స్ అనే సంస్థను స్థాపించి దీన్ని లోకానికి అందించారు. తరవాత ఆ సంస్థ చాలా చేతులు మారింది, ఆ చరిత్ర మనకు అవసరం లేదు. అవసరమైన సంగతి ఏమిటంటే, సూర్యుడి మీద పనిచేసేవారు సోలార్‌సాఫ్ట్ అని పిలుచుకునే ప్రోగ్రాముల భాండాగారం ఈ భాషలోనే పెరిగింది. 2010లో ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ పంపే చిత్రాలను 171, 193, 304 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యాల పేర్లతోనే పిలుస్తాం. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు. దాని గుర్తు పెద్ద బడి ‘ఏ’ అక్షరానికి నెత్తిన చిన్న సున్నా. అంటే ఈ రంగంలో దాదాపు ప్రతి గ్రాఫుకూ కీబోర్డు మీద లేని గుర్తు ఒకటైనా కావాలి.

ఐడీఎల్‌లో అక్షరాలు గీయడానికి మూడు వేరువేరు ఏర్పాట్లు ఉన్నాయి. ‘ఆశ్చర్యార్థకం పీ డాట్ ఫాంట్’ అనే వ్యవస్థాచరానికి, అంటే ఐడీఎల్ తన అమరికను దాచుకునే చరానికి, మైనస్ 1 విలువ ఇస్తే హెర్షీ వెక్టర్ ఫాంట్లు, 0 ఇస్తే ముద్రణ సాధనానికి సొంతమైన ఫాంట్లు, 1 ఇస్తే ట్రూటైప్ ఫాంట్లు వాడుకలోకి వస్తాయి. నేను చూసిన చిక్కులలో చాలా వాటికి మూలం ఈ ఒక్క చరం దగ్గరే ఉంటుంది. కోడు రాసినవారు ఒక ఏర్పాటును మనసులో పెట్టుకొని రాస్తారు, నడిపేవారు మరొక ఏర్పాటులో నడుపుతారు.

హెర్షీ ఫాంట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికా నౌకాదళానికి వర్జీనియా రాష్ట్రంలోని డాల్‌గ్రెన్‌లో ఒక ఆయుధ ప్రయోగశాల ఉండేది. అక్కడి శాస్త్రవేత్త అలెన్ హెర్షీ కంప్యూటరు గీయగల అక్షరాలను రూపొందించి 1967లో ఒక నివేదికగా ప్రచురించారు. ఆయన అక్షరాలలో నలుపు నింపిన ఆకారాలు ఉండవు. కలాన్ని ఎక్కడ దించాలో, ఏ బిందువు నుంచి ఏ బిందువుకు గీత లాగాలో, ఎక్కడ ఎత్తాలో చెప్పే పూర్ణాంకాల జాబితాయే ఒక్కో అక్షరం. ఒంటి గీతతో గీసినది సింప్లెక్స్, జంట గీతలతో గీసినది డూప్లెక్స్, మూడు గీతలతో గీసినది ట్రిప్లెక్స్. రోమన్, గ్రీకు, సిరిలిక్, గోథిక్ లిపులే కాక గణితచిహ్నాలూ పటాల మీది గుర్తులూ జపనీస్ అక్షరాలూ కూడా ఆయన ఈ పద్ధతిలో తయారుచేశారు. ఇవి అచ్చంగా గీతలే కాబట్టి పత్రికవారు అడిగే ‘ఫాంటును ఫైలులో పొందుపరచండి’ అన్న షరతు వీటికి వర్తించదు. ఏ యంత్రం మీద తెరిచినా అదే బొమ్మ వస్తుంది. అచ్చులో కాస్త బక్కపలచగా కనిపిస్తాయన్న మాట నిజమే కాని, గీత మందం పెంచితే ఆ లోపం చాలావరకు తీరిపోతుంది. పాత వస్తువని వీటిని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను.

ఇక కోడు సంగతి. ఐడీఎల్‌లో ఏ శీర్షికలోనైనా ఆశ్చర్యార్థకం వస్తే, దాని తరవాత వచ్చేది అక్షరం కాదని, ఆదేశమని అర్థం. హెర్షీ ఏర్పాటులో ఆశ్చర్యార్థకం 3 సింప్లెక్స్ రోమన్‌ను, 4 సింప్లెక్స్ గ్రీకును, 6 కాంప్లెక్స్ రోమన్‌ను, 9 గణితచిహ్నాలను తెస్తాయి. ఆశ్చర్యార్థకం ఎక్స్ అంటే మొదలుపెట్టినప్పటి ఫాంటుకు తిరిగి వెళ్ళమని. ఇవి ఫాంటును మార్చేవి. డీ అంటే గీత కిందికి దిగమని, యూ అంటే పైకి ఎక్కమని, ఎన్ అంటే మామూలు మట్టానికి, మామూలు పరిమాణానికి రమ్మని. ఇవి స్థానాన్ని మార్చేవి. ఈ రెండు జాతులనూ కలిపేసుకోవడం కొత్తవారికి పరిపాటి. ఎక్స్ రాస్తే ఫాంటు తిరిగి వస్తుంది కాని అక్షరం కిందనే ఉండిపోతుంది. ఎన్ రాస్తే అక్షరం పైకి వస్తుంది కాని ఫాంటు గ్రీకులోనే ఉండిపోతుంది. అంతేకాదు, హెర్షీ ఏర్పాటులో చివరిగా వాడిన ఫాంటు ఆ శీర్షికతో ముగియదు. ఎక్స్ రాయడం మరిచిపోతే తరవాత గీసే గ్రాఫు శీర్షిక మొత్తం గ్రీకులో పడుతుంది, తప్పేమో ముందటి గ్రాఫులో ఉంటుంది. నిజంగానే ఆశ్చర్యార్థకం కావాలంటే రెండుసార్లు రాయాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పరారుణ వర్ణపటం గీస్తున్నాం, అడ్డ అక్షం మీద ‘తరంగదైర్ఘ్యం, మైక్రోమీటర్లలో’ అని ఉండాలి. అంటే గ్రీకు మ్యూ, దాని పక్కన ఇంగ్లిషు ఎమ్. హెర్షీ గ్రీకులో మ్యూ కావాలంటే ఏ మీట నొక్కాలి? ఎమ్ అనుకుంటాం, కాని కాదు. ఆ ఫాంటులో గ్రీకు వర్ణమాలలోని 24 అక్షరాలను వరసగా ఏ నుంచి ఎక్స్ దాకా పరిచారు. ఆల్ఫాకు ఏ, బీటాకు బీ, గామాకు సీ, అలా లెక్కపెట్టుకుంటూ పోతే లాంబ్డాకు కే, మ్యూకు ఎల్ వస్తాయి. కాబట్టి ‘ఆశ్చర్యార్థకం 4, చిన్న ఎల్, ఆశ్చర్యార్థకం ఎక్స్, చిన్న ఎమ్’ అని రాస్తే తెర మీద మ్యూ, ఎమ్ చక్కగా వస్తాయి.

పరిశోధన పత్రికకు పంపడానికి అదే ప్రోగ్రాము గీసే బొమ్మను పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా, అంటే అచ్చు యంత్రాలు చదివే ఫైలుగా తీస్తూ, అక్షరాలు అందంగా ఉంటాయని ఫాంటు చరానికి 0 ఇచ్చామనుకోండి. ఇప్పుడు ఆశ్చర్యార్థకం 4 అంటే గ్రీకు కాదు. పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఆ సంఖ్య హెల్వెటికా కుటుంబంలోని ముద్దక్షరాలకు కేటాయించి ఉంది. కనుక అక్షం మీద మ్యూ ఉండవలసిన చోట లావుపాటి ఎల్ కూర్చుంటుంది. చూసినవాడు ‘ఎల్ఎమ్ అనే ప్రమాణం ఏమిటబ్బా’ అనుకుంటాడు. ఇది దొరికిపోయే తప్పు, ఇంతవరకు పెద్ద ప్రమాదం లేదు.

ప్రమాదం దీన్ని దిద్దబోయేటప్పుడు వస్తుంది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో గ్రీకు అక్షరాలు సింబల్ ఫాంటులో ఉంటాయి, దాని సంఖ్య 9 అని తెలుసుకొని, ఫైలంతటా 4 తీసి 9 పెట్టేస్తాం. ఆల్ఫా బాగా వస్తుంది. బీటా, డెల్టా, పై కూడా బాగానే వస్తాయి. ఆ నాలుగూ రెండు ఫాంట్లలోనూ ఒకే మీట మీద ఉండటమే దానికి కారణం. పని అయిపోయిందనుకుంటాం. కాని సింబల్ ఫాంటు వర్ణమాల వరసను చాలాచోట్ల విడిచిపెట్టి, ఇంగ్లిషు పలుకుకు దగ్గరగా ఉండే అక్షరాన్ని ఎంచుకుంది. అందులో ఎల్ అంటే లాంబ్డా, ఎమ్ అంటే మ్యూ, కే అంటే కప్పా. కాబట్టి మనం మ్యూ అనుకున్నది లాంబ్డాగా, లాంబ్డా అనుకున్నది కప్పాగా పడతాయి. తరంగదైర్ఘ్యానికి లాంబ్డా మామూలు గుర్తే కనుక అక్షం మీద దాన్ని చూసిన కన్ను అభ్యంతరం చెప్పదు, ముందుకు సాగిపోతుంది. హైడ్రోజన్ ఆల్ఫా రేఖతో పరీక్షించి సరిపోయిందని తృప్తిపడేవారికి ఇది ముఖ్యంగా చెబుతున్నాను. పరీక్షించడానికి ఆల్ఫా పనికిరాదు. మ్యూ, లాంబ్డా, సిగ్మా పెట్టి చూడండి.

ఇదే హెర్షీ ఆకారాలను వాడుకున్న పీజీప్లాట్ అనే ఫోర్ట్రాన్ గ్రంథాలయం కాల్‌టెక్‌లో తయారైంది. అందులో బ్యాక్‌స్లాష్, జీ, ఆ పైన ఎమ్ రాస్తే మ్యూ వస్తుంది. ఆకారం ఒకరిదే, దానికి తగిలించిన మీట మాత్రం ఎవరిష్టం వారిది.

రెండో పద్ధతి, అక్షరాన్ని దాని సంఖ్యతో పిలవడం. స్ట్రింగ్ అనే ఫంక్షనుకు ఒక బైటు ఇస్తే ఆ సంఖ్య గల అక్షరాన్ని అది తిరిగి ఇస్తుంది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఐఎస్ఓ లాటిన్-1 అనే పట్టికలో 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్ ఆర్ మైనస్, 181 మైక్రో గుర్తు, 197 నెత్తిన సున్నా ఉన్న ఏ. సంఖ్య తరవాత బీ అక్షరం రాయాలి, అది బైటు అని చెప్పే గుర్తు. ఆ బీ మరిచిపోతే ఐడీఎల్ 197ను మామూలు పూర్ణాంకంగా తీసుకొని, ముందు ఐదు ఖాళీలు పెట్టి ఆ అంకెలనే అచ్చువేస్తుంది. పాత ప్రోగ్రాములలో ఇదే సంఖ్యను అష్టాంశ పద్ధతిలో, అంటే పదికి బదులు ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతిలో, డబుల్ కోట్ పెట్టి 305, బీ అని రాసి ఉంటారు. కోట్ మూసి ఉండదు, అది అచ్చుతప్పు కాదు. డబుల్ కోట్ పక్కన అంకె వస్తే ఐడీఎల్ దాన్ని అష్టాంశ సంఖ్యగా చదువుతుంది. అందుకే అంకెతో మొదలయ్యే శీర్షికను డబుల్ కోట్లలో పెట్టకూడదు, సింగిల్ కోట్లే వాడాలి. ‘171 ఆంగ్‌స్ట్రామ్’ అన్న శీర్షికను డబుల్ కోట్లలో పెట్టిన మరుక్షణం ఈ పాఠం మీకు ఒంటబడుతుంది.

హెర్షీ ఆశ్చర్యార్థకం 3 ఫాంటులో ఈ లాటిన్-1 సంఖ్యలు చక్కగా పనిచేస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్ సొంత ఫాంట్లకు వెళ్ళినప్పుడు మాత్రం వాటి అక్షరాల వరస వేరు. విడిగా చెప్పకపోతే అవి అడోబీ ప్రామాణిక వరసను అనుసరిస్తాయి. ఆ వరసలో అష్టాంశ 305 స్థానంలో ఉన్నది ఆంగ్‌స్ట్రామ్ గుర్తు కాదు, అక్షరాల నెత్తిన పెట్టే అడ్డగీత. అది గ్రాఫు మీద పడితే వింతగా కనిపిస్తుంది కాబట్టి పట్టుకుంటాం. అష్టాంశ 261 సంగతి అలా కాదు. లాటిన్-1లో అది ప్లస్ ఆర్ మైనస్. అడోబీ వరసలో అదే స్థానంలో ఉన్నది రెండు సంఖ్యల మధ్య ‘నుంచి, దాకా’ అనే అర్థంలో వాడే పొట్టి గీత. ఇప్పుడు మీ గ్రాఫు మూలలో ఉష్ణోగ్రత 15 ± 2 అని రాశారనుకోండి. పోస్ట్‌స్క్రిప్ట్‌లో అది 15 – 2 అని వస్తుంది. చదివినవారు 15 నుంచి 2 దాకా అనుకోవచ్చు, 15లోంచి 2 తీసేయమన్నారనుకోవచ్చు, తొందరలో ఏమీ అనుకోకుండా పేజీ తిప్పేయవచ్చు. కొలతలోని అనిశ్చితి గ్రాఫు మీంచి మాయమైపోయింది, బొమ్మలో మాత్రం ఎక్కడా చెత్త అక్షరం లేదు. చిహ్నాల తప్పులలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. మందు సులువు: డివైస్ ఆదేశానికి ఐసోలాటిన్1 అనే కీలకపదం తగిలిస్తే ఫాంట్లు లాటిన్-1 వరసకు మారతాయి. లేదా ఆశ్చర్యార్థకం 9తో సింబల్ ఫాంటులోకి వెళ్ళి అదే 261 వాడవచ్చు. అదృష్టవశాత్తు సింబల్ ఫాంటులో కూడా ఆ స్థానంలో ప్లస్ ఆర్ మైనస్ ఉంది, 260లో డిగ్రీ ఉంది. అక్కడితో అదృష్టం ఆగిపోతుంది. లాటిన్-1లో మైక్రో గుర్తు ఉన్న 265 స్థానంలో సింబల్ ఫాంటు అనుపాత చిహ్నాన్ని పెట్టుకుంది.

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. తెలుగు డీటీపీ పని తెలిసినవారికి అను ఫాంట్లు గుర్తుండే ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పేజీ తెరిస్తే తెలుగు వ్యాసమంతా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపించేది. ఫైలులో ఉన్నవి సంఖ్యలే, వాటిని తెలుగుగా చూపించే బాధ్యత మొత్తం ఫాంటుది. ఐడీఎల్‌లో జరిగేదీ సరిగ్గా ఇదే.

పట్టికలో దొరకని గుర్తును కట్టుకునే ఉపాయం కూడా ఒకటి ఉంది, ఐడీఎల్ వాడేవారి మధ్య చాలాకాలంగా చేతులు మారుతున్నది. ఆంగ్‌స్ట్రామ్ గుర్తును హెర్షీ ఫాంట్లతో ఇలా కడతారు. ఆశ్చర్యార్థకం 6తో కాంప్లెక్స్ రోమన్‌లోకి వెళ్ళాలి. ఆశ్చర్యార్థకం ఎస్‌తో ఇప్పుడున్న స్థానాన్ని గుర్తుపెట్టుకోమనాలి. ఏ అక్షరం రాయాలి. ఆశ్చర్యార్థకం ఆర్‌తో గుర్తుపెట్టుకున్న స్థానానికి, అంటే ఏ మొదలైన చోటికి వెనక్కి రావాలి. ఆశ్చర్యార్థకం యూతో పైకి ఎక్కి, ఆశ్చర్యార్థకం 9తో గణితచిహ్నాల ఫాంటులోకి మారి, ఒక ఖాళీ విడిచి శాతం గుర్తు రాయాలి. ఆ ఫాంటులో శాతం మీట మీద చిన్న సున్నా ఉంటుంది. చివర ఆశ్చర్యార్థకం 6, ఆశ్చర్యార్థకం ఎన్‌తో మామూలు స్థితికి రావాలి. మధ్యలో ఉన్న ఖాళీని ఎవరైనా అనవసరమనుకొని తీసేస్తే సున్నా నడినెత్తి మీంచి ఎడమకు జారిపోతుంది. బైటు సంఖ్య ఉండగా ఇంత తిప్పలెందుకని అడగవచ్చు. ఆంగ్‌స్ట్రామ్‌కు అవసరం లేకపోవచ్చు కాని, నెత్తిన గీత ఉన్న చరరాశికో, మీద టోపీ ఉన్న సదిశకో ఈ ఎస్, ఆర్ జంటే గతి.

సూర్యుడి గుర్తు, అంటే వృత్తం మధ్యలో చుక్క, ఇంతకన్నా తేలిక. హెర్షీ 9లో చిన్న ఎన్ మీట మీద అది ఉంది. సూర్య ద్రవ్యరాశి అని రాయాలంటే పెద్ద బడి ఎమ్, ఆశ్చర్యార్థకం డీ, ఆశ్చర్యార్థకం 9, చిన్న ఎన్, ఆశ్చర్యార్థకం ఎక్స్, ఆశ్చర్యార్థకం ఎన్. ఇదే వరసను సింబల్ ఫాంటులో నడిపితే సూర్యుడు ఉండవలసిన చోట గ్రీకు న్యూ వస్తుంది.

యూనికోడ్ వచ్చాక ఈ బాధలు పోయాయా అంటే, కొన్ని పోయాయి, కొన్ని రూపం మార్చుకున్నాయి. ట్రూటైప్ ఏర్పాటులో ఆశ్చర్యార్థకం జెడ్, కుండలీకరణంలో షోడశాంశ (పదహారు ఆధారంగా లెక్కించే) సంఖ్య రాస్తే ఆ యూనికోడ్ అక్షరం పడుతుంది, ఆ ఫాంటులో ఆ అక్షరం ఉంటే. యూనికోడ్‌లో మైక్రో గుర్తు 00బీ5గా ఒకటి, గ్రీకు మ్యూ 03బీసీగా మరొకటి ఉన్నాయి. కంటికి రెండూ ఒకటే. ఎడిటరులో గుర్తును నేరుగా టైపు చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. నేటి ఎడిటర్లు ఫైలును యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో దాస్తాయి, అందులో డిగ్రీ గుర్తు రెండు బైట్లు. ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే పాత ఏర్పాటు ముందు టోపీ పెట్టుకున్న ఏ అక్షరాన్ని, ఆ వెనక డిగ్రీ గుర్తును ముద్రిస్తుంది. ప్రతి ఉష్ణోగ్రత పక్కనా ఆ టోపీ ఏ కనిపిస్తే కారణం వెతకనక్కరలేదు.

ఐడీఎల్ 8వ వర్షన్ నుంచి వచ్చిన కొత్త గ్రాఫిక్స్‌లో డాలరు గుర్తుల మధ్య, గణిత సూత్రాల అచ్చుకూర్పుకు వాడే టెక్ పద్ధతిలో బ్యాక్‌స్లాష్ మ్యూ అని రాస్తే చాలు. పైథాన్ భాషలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల గ్రంథాలయం వాడేవారికీ ఇదే సౌకర్యం ఉంది. అయితే అక్కడ స్ట్రింగ్ ముందు ఆర్ అక్షరం పెట్టడం మరవకండి. పెట్టకపోతే బ్యాక్‌స్లాష్ న్యూ అన్నది పైథాన్‌కు కొత్త పంక్తిగా, పక్కన మిగిలిన యూగా అర్థమవుతుంది. బ్యాక్‌స్లాష్ టౌ అన్నది ట్యాబుగా మారిపోతుంది. మ్యూ, లాంబ్డాలకు ఏమీ కాదు, కాబట్టి ఈ తప్పు కూడా కొన్నాళ్ళు దాక్కొని ఉంటుంది.

పాత ప్రోగ్రాములు వారసత్వంగా అందుకున్నవారికి నా సలహా ఒక్కటే. శీర్షికలలో ఈ కోడులను చెదురుమదురుగా చల్లకండి. గుర్తు పేరు ఇస్తే తగిన కోడును తిరిగి ఇచ్చే ఫంక్షను ఒకటి రాసి, ఫాంటు చరం మైనస్ 1గా ఉందా, 0గా ఉందా, 1గా ఉందా, బొమ్మ తెర మీదికి వెళ్తోందా పోస్ట్‌స్క్రిప్ట్‌కు వెళ్తోందా అన్న విచారణ మొత్తం అందులోనే జరగనివ్వండి. ఖగోళశాస్త్రజ్ఞులు వాడే ఐడీఎల్ గ్రంథాలయంలోని సన్‌సింబల్ అనే చిన్న ఫంక్షను చేసేది ఈ పనే. దాన్ని తెరిచి చదవండి, పది నిమిషాల పని. గ్రాఫు పంపేముందు తెర మీది బొమ్మతో సరిపెట్టుకోకుండా, పత్రికకు వెళ్ళే ఫైలునే తెరిచి పెద్దది చేసి, ప్రతి గుర్తునూ వేలు పెట్టి చూసుకోండి.

విరామంలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. అక్షాల పేర్లు తెలుగులో రాయవచ్చా అని ఆమె అడిగారు. ఐడీఎల్ ఇచ్చే హెర్షీ ఫాంట్లలో మన లిపి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా స్థానాలు ఉన్నాయి కనుక, తెలుగు ఉన్న ట్రూటైప్ ఫాంటుతో విడి అక్షరాలు రాబట్టవచ్చు. కాని ‘తీవ్రత’ అన్న మాట తీసుకోండి. యూనికోడ్‌లో అది త, ఈకారపు గుడి, వ, పొల్లు, ర, త అనే ఆరు సంఖ్యల వరస. గుడిని తకారం మీదికి ఎక్కించడం, రకారాన్ని వత్తుగా మార్చడం ఫాంటులోని నియమాలను చదివి అమలుచేసే ఇంకో ప్రోగ్రాము పని. ఒక్కో సంఖ్యకు ఒక్కో ఆకారం తీసి పక్కపక్కన పేర్చే పద్ధతిలో ఆ అమరిక జరగదు, వకారం మీద పొల్లు, పక్కన నిండు రకారం మిగులుతాయి. అందువల్ల అక్షం పేరును ఐడీఎల్‌లో ఖాళీగా వదిలి, బొమ్మను వెక్టర్ ఫైలుగా తీసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాములో తెరిచి, అక్కడ తెలుగు మాటను టైపు చేసుకోండి. నిలువు అక్షం పేరైతే మాటను ముందు అడ్డంగా టైపు చేసి, వత్తులు సరిగా పడ్డాయని చూసుకున్నాకే తొంభై డిగ్రీలు తిప్పండి.